కాగిన రెక్క

మిల్లులోని ఆవిరి చక్రాన్ని నతానియేలు సుత్తితో మోది మోది విరగ్గొట్టాడంట, ఈ తూరి పనిలోంచి పీకేస్తారంట అని శిరివెళ్ల బస్సులో ఎవరో అనుకుంటాంటే విన్నానని పక్కింటి జయలక్ష్మమ్మ బావి దగ్గర చెప్పింది. నీళ్లబిందెతో పాటు ఆ మాటను కూడా ఇంటికి మోసుకొచ్చి, సువార్తమ్మ మొగుడి ముందర నిలబడింది.

"మోదినావా?"

"మోదల్యా. తట్టినా."

తట్టడం అతనికి ఆళ్లగడ్డలో అబ్బింది. నాయన శిల్పుల దగ్గర రాళ్లు మోసేవాడు. ఉలి పెట్టకముందు శిల్పి రాయిని తట్టి వింటాడు. కంచులా మోగితే పనికి తీసుకుంటాడు, మొద్దుగా పలికితే పక్కకు దొర్లిస్తాడు. నంద్యాల నూనెమిల్లులో ఫిట్టరయ్యాక నతానియేలు ఆ చెవిని ఉక్కు మీద పెట్టాడు. ఆవిరితో తిరిగి మిల్లు దీపాలకు కరెంటిచ్చే చిన్న టర్బైనులో, చక్రం చుట్టూ వేలెడంత రెక్కలుంటాయి. తట్టి, మోత నచ్చితేనే ఏ రెక్కనైనా బిగించేవాడు. మూడేళ్లు ఒక్కటీ విరగలేదు. 1957 ఎండాకాలంలో మాత్రం నెల తిరక్కుండా రెండుసార్లు, ఒకే వరసలో విరిగాయి.

టర్బైను అమ్మిన కంపెనీ నుంచి ఇంజనీరు మద్రాసు రైల్లో దిగాడు. రెండు రోజులు చూసి, బిగించేటప్పుడు ఫిట్టరు సుత్తి దెబ్బలకు రెక్కలు బీటలిచ్చాయని రాశాడు. కింద నతానియేలు సంతకం కావాలన్నాడు. అది పెడితే బాయిలరున్న ఏ మిల్లూ అతన్ని గడప తొక్కనివ్వదు. మేనేజరు ఓబుళరెడ్డి మెత్తగా నచ్చజెప్పాడు: పెట్టేయప్పా, బస్తాలు మోసే పనన్నా ఇప్పిస్తా.

నతానియేలు పెట్టలేదు. మిల్లులో ఈ ఏడు మారింది ఒక్కటే. ఎండలకు ముందు ఆ ఇంజనీరు జాబులో రాసిన మాట మీదనే ఆవిరిని మునుపటికంటే బాగా కాచి పంపుతున్నారు. తానేమో రెక్కల్ని ఎప్పుడూ చల్లగానే తట్టాడు, రాయిని తట్టినట్టు. పొయ్యిలో పనిచేసే రాయి ఎక్కడుంది?

మర్నాడు పొద్దున్నే ఇంజనీరునూ మేనేజరునూ మిల్లు కొలిమి దగ్గరికి పిలిచాడు. ఒకే అచ్చు రెక్కలు రెండు తీగకు వేలాడదీసి తట్టాడు. రెండూ ఒకే గొంతుతో పలికాయి. ఒకదాన్ని పటకారుతో కొలిమిలో పెట్టి, ఎర్రబడనివ్వకుండా, ఎండుగడ్డి రంగు తిరగ్గానే తీశాడు. మళ్లీ తట్టాడు. గొంతు దిగింది. ఓబుళరెడ్డి ఇంకోసారి తట్టమన్నాడు. అప్పుడూ దిగే పలికింది.

కొలిమిలో పెట్టి ఉక్కును పాడుచేశావని ఇంజనీరు కొట్టిపారేశాడు. నతానియేలు బీడీ ముట్టించి, ఇద్దరినీ అక్కడే కూర్చోబెట్టాడు. రెక్క చల్లారాక తట్టాడు. పోయిన గొంతు తిరిగొచ్చింది.

అప్పుడు చెప్పాడు. కాగితే ఉక్కు బిగువు తగ్గుతుంది, రెక్క నిదానంగా ఊగుతుంది. ఊయలను సరిగ్గా దాని ఊపుకే తోస్తూ పోతే ఎంత పైకి లేస్తుందో అందరికీ తెలుసు. చక్రం తిరిగే వేగం ఎప్పుడూ ఒకటే, కాబట్టి రెక్కకు ఆవిరి తోపు తగిలే వేగమూ ఒకటే. ఆ తోపుకూ, రెక్క ఊపుకూ పాత ఆవిరిలో పొత్తు కుదరలేదు.

"మీరు పెంచిన ఆవిరిలో కుదిరింది సార్. తనంతట తానే ఊగి ఊగి విరుగుతాంది."

ఇంజనీరు కళ్లద్దాలు తీసి తుడిచాడు. కాగితం మడవలేదు, చింపలేదు.

"అయితే తట్టి, బాగుందని బిగించింది నువ్వే కదా?"

"నేనే. చల్లగా తట్టినా, అది నా తప్పు. ఆ మాట రాయండి, సంతకం పెడతా. ఆవిరి పెంచేటప్పుడు ఒక్క రెక్కనన్నా కాచి చూడల్యాదని దాని కిందనే రాసి, మీరూ పెట్టండి."