గండకి గట్టున నేను కొట్టిన రాయి

నేను సుత్తినే గాని, మేకులు కొట్టే జాతిదాన్ని కాను. నా తలకు ఒకవైపు చదును, రెండోవైపు ఉలిలాంటి అంచు. రాజమండ్రిలో ఒక కమ్మరి పాత లారీ ఇరుసు ముక్కను కాల్చి, భూగర్భశాస్త్రం మాస్టారొకాయన చెప్పిన కొలతకు నన్ను చేశాడు. మాస్టారు ముప్పై ఏళ్లు నాతో కొండలన్నీ కొట్టి, రిటైరైన రోజున శిష్యురాలు వకుళ చేతిలో పెట్టారు. ఎడతెగకుండా వాగేవాళ్లను మీరు సుత్తి అంటారట. ఇంత అన్యాయం ఎక్కడా లేదు. నాకే నోరుంటే ఈ గొడవంతా ఒక్క మాటతో తీరిపోయేది.

వకుళకు కావలసింది ఒకే ఒక్క రాయి. ఇప్పుడు హిమాలయాలున్న చోట జురాసిక్ కాలంలో సముద్రం ఉండేది. అందులో బతికిన అమ్మోనైట్లనే గవ్వప్రాణులు శిలాజాలై, నేపాల్‌లో గండకి నది ఒడ్డున నల్లటి గుండ్రాళ్లలో దొరుకుతాయి. మీరు సాలగ్రామాలని పూజించేవి అవే. వకుళ పీహెచ్‌డీ పరీక్షకుడు ఆమె థీసిస్‌ను తిప్పి పంపాడు. నదిలో ఏరినవి ఎక్కడినుంచైనా దొర్లి రావచ్చట, గట్టు రాతిపొరలోంచి స్వయంగా తీసిన రాయి చూపించాలట. గడువు డిసెంబరు. దొరికిన సెలవు, ప్రయాణాలు పోను, పదిరోజులు.

అనుమతి కాగితాలతో వకుళ బయల్దేరుతుంటే, ఎలాగూ గండకికేగా అంటూ పెద్దమ్మ శేషమాంబగారు వెంటపడ్డారు.

ఎనిమిది రోజులు గట్టంతా గాలించాం. ఇసుకలో ఆరు దొరికాయి, పొరలో ఒక్కటీ లేదు. మధ్యాహ్నానికల్లా గాలి లేచి కళ్లనిండా దుమ్ము కొట్టేది. ఏ పనికీ రానివి కాళ్లకు తగులుతుంటే వకుళకు ఏడుపొచ్చేది, నాకు ఒళ్లు మండేది.

తొమ్మిదో రోజు సాయంత్రం పొరలో నల్లగా ఒకటి కనిపించింది. వకుళ కొట్టిన దెబ్బకు నా అంచు కాస్త విరిగింది, రాయి మీద సన్నటి గీత పడింది, చుట్టూ ఉన్న పొర పొడిపొడిగా రాలిపోయింది. ఫోను చలికి ఆగిపోవడంతో ఫొటో మర్నాడు తీద్దామనుకుంది. తెల్లరంగుతో రాయి మీద ఏడు అని వేసి, పుస్తకంలో రాసుకుంది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

పొద్దున ఆమె లేచేసరికి శేషమాంబగారు స్నానం, మడి అన్నీ ముగించి కూర్చున్నారు. ఎదురుగా పళ్లెంలో ఏడు రాళ్లు, గంధంతో, తులసిదళాలతో.

"దేవుళ్లని సంచిలో మట్టితో కుక్కుతావటే? పీచుతో తోమి కడిగాను. ఎవరో అంకెలు కూడా గీకారు, అవీ పోగొట్టాను" అన్నారామె తృప్తిగా.

వకుళ భూతద్దంతో ఏడింటినీ తిప్పితిప్పి చూసింది. ఏట్లో దొర్లిన రాళ్లన్నిటి మీదా గీతలే, నా గీతేమో గంధం ఎండి పూడుకుపోయింది. ఎడమ నుంచి మూడోది అని నేను లోలోపల గింజుకున్నాను. ఆమె నన్ను తీసుకుని ఏటి దగ్గరికి వెళ్లి, ఏ పాపమూ ఎరగని ఒక బండను చేతులు నొప్పిపుట్టేదాకా బాదింది. మధ్యాహ్నం బస్సు.

గడువు దాటిపోయింది. అంకెలు లేని రాళ్లు కాలేజీకి అక్కర్లేదు గనుక పెద్దమ్మ పూజగదిలో అదే వరసలో కుదురుకున్నాయి. హిమాలయం చూసొచ్చిన సుత్తి అని నన్నూ అక్కడే ఉంచారు, కొబ్బరికాయలు కొట్టడానికి.

దేవుడంటే నమ్మకం లేని వకుళ ప్రతి శనివారం వచ్చి దణ్ణం పెడుతుంది. నీకీ భక్తి ఎప్పటినుంచని మొన్న శేషమాంబగారు అడిగారు.

"వీటిలో ఒకటి నా ఆరేళ్ల చదువు పెద్దమ్మా. ఏదో తెలీదు. అందుకే అన్నిటికీ పెడుతున్నా."

పెద్దమ్మ వంగి, రోజూలాగే ఏడింటికీ గంధం పెట్టి, కొబ్బరికాయ కోసం నన్ను అందుకున్నారు. మూడోదమ్మా, ఎడమ నుంచి మూడోది అంటూ నేను కాయ మీద పడ్డాను. కాయ రెండు చెక్కలైంది. వకుళ ఒక చెక్క తీసుకుని కళ్లకద్దుకుంది.