ఈజిప్టు చుట్టరికం

అచ్చాఫీసు మనిషి హాల్లో కూర్చుని రెండో కాఫీ తాగుతున్నాడు. అత్తయ్య సంతకం పెడితే ఆఖరి ప్రూఫులు పట్టుకుపోతాడు. లోపలి గదిలో నేను ఆ ప్రూఫుల మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాను, ఇవ్వబుద్ధి కాక.

అత్తయ్య జీవితమంతా ఒకే వాదన మీద గడిచింది. ఆఫ్రో-ఏషియాటిక్ భాషా కుటుంబంలో ప్రాచీన ఈజిప్టు భాషకు అరబ్బీ, హీబ్రూలున్న సెమిటిక్ శాఖే తోబుట్టువనీ, బెర్బర్, హౌసా లాంటి తక్కిన ఆఫ్రికా భాషలు దూరపు చుట్టాలనీ ఆవిడ అంటుంది. రెండువైపులా పోలిన మాటలే అందుకు సాక్ష్యాలు, ఆ సాక్ష్యాలే ఈ పుస్తకం. ఆవిడ చూపు రోజురోజుకీ తగ్గిపోతోంది. ఇప్పుడు అచ్చయితే తన పుస్తకాన్ని తానే చదువుకోగలదు. ఆలస్యమైతే ఆ భాగ్యం లేదని కంటి డాక్టరు చెప్పేశాడు.

నాకేమో పొద్దున్నే వచ్చిన ఒక ఉత్తరం చూసి గుండెల్లో రాయి పడింది. ఆవిడ సాక్ష్యాల్లో సగం ఒక సమాధి గోడ మీది రాతల్లోంచి తీసినవి. అవి చాలా పాతవని అందరం నమ్మాం. గోడ పాతదే, రాతలు మాత్రం తర్వాత చెక్కినవట. అప్పటికే సెమిటిక్ భాషల వర్తకులూ సైనికులూ ఈజిప్టుకి వచ్చిపోతున్నారు. అంటే ఆ మాటలు పుట్టుకతో వచ్చినవి కాకపోవచ్చు, అరువు తెచ్చుకున్నవి కావచ్చు. చక్కెర అరువిచ్చినంత మాత్రాన పక్కింటివాళ్లు రక్తసంబంధీకులైపోతారా?

"ఇవాళ నోరెత్తకు. అమ్మ తట్టుకోలేదు," అన్నాడు మా ఆయన గుమ్మంలోంచి. గొడవ వాసన తగిలితే చాలు, ఈయనగారు పిల్లిలా జారుకుంటారు.

అత్తయ్య గోడ తడుముకుంటూ వచ్చింది. "ఏమ్మా, ఇంకా ఎంతసేపు?"

ఆవిడకి ఎదురు చెప్పడమంటే కొరివితో తల గోక్కోవడమే. అయినా చెప్పేశాను.

"ఎవరన్నారు?" గొంతు కరుకుగా ఉంది.

"గోడని మళ్లీ పరీక్షించినవాళ్లు. నేనూ ఫొటోలు చూశాను అత్తయ్యా. పాత రాతలు చెరిపేసి వాటిమీద చెక్కారు."

ఆవిడ మొహం పాలిపోయింది. "ఆ గోడ మాటలన్నీ పైకి చదువుతూ కొట్టెయ్," అంది.

ఒక్కొక్కటీ చదివి కొట్టేశాను. అయిపోయిందన్నాను.

"ఇంకోటుంది."

ఆవిడకి పేరు తెచ్చిన తొలి వ్యాసం ఆ మాట మీదే నడిచింది. కావాలనే దాటేశాను.

"జాలిపడ్డావా? నా మీద జాలి ఇంట్లో చూపించు, పుస్తకంలో కాదు. కొట్టెయ్."

కొట్టేశాను.

"ఏం మిగిలాయి?"

"నాలుక, చావు లాంటి మాటలు. కానీ అవి బెర్బర్‌లోనూ, హౌసాలోనూ ఉన్నాయి."

"అయితే ఈజిప్టు ఎవరికీ సొంత చెల్లెలని చెప్పలేం. అందరికీ చుట్టమే, కాపురం మాత్రం వేరు." హాల్లోకి తిరిగి కేకేసింది. "బాబూ, ఇవాళ లేదు. వెళ్లిరా."

వీధి తలుపు పడింది. నాకు దుఃఖం ఆగలేదు.

"ఏడుపు తర్వాత," అంది అత్తయ్య, నా పక్క కుర్చీ లాక్కుంటూ. "మొదటి పేజీ నుంచి చదువు. అచ్చయ్యాక కూడా నువ్వేగా చదివి వినిపించాల్సింది. ఇప్పట్నుంచే అలవాటు చేసుకుంటాను."