పొడి చెయ్యి

మా బావ పట్టిన చేపని ఇంటికి తెచ్చుకుని తింటాడు. నేను పట్టిన చేపని మళ్ళీ నీళ్ళలో వదిలేస్తాను. పద్నాలుగేళ్ళుగా ప్రతి ఆదివారం ఒకే గట్టు మీద, ఒకే గొడుగు కింద రెండు మడతకుర్చీలు వేసుకుని, ఈ ఒక్క విషయం మీదే పోట్లాడుకున్నాం. ఇద్దరిలో ఎవరి వాదం సరైనదో నేను ఇప్పటికీ తేల్చలేను. ఎవరి మనసు పెద్దదో మాత్రం తేలిపోయింది. అది నాది కాదని ముందే చెప్పేస్తే నాకూ తేలిక.

బావంటే మా అక్క భర్త. సిటీ బస్సు డ్రైవరు. రోజంతా హారన్ల మధ్య గడుపుతాడు కాబట్టేమో, మాట పొదుపు. నేను పుస్తకాల బైండరుని. వారమంతా కాగితాలతో మూగనోము పట్టి కూర్చుంటాను కాబట్టి, ఆదివారం వచ్చేసరికి నోట్లో మాటలు పోగుపడి ఉంటాయి. కోపమా, అది నాకు ముక్కు మీదే ఉంటుంది. చెయ్యి మాత్రం నిదానం, శుభ్రం. మా పనిలో చెయ్యి ఎప్పుడూ పొడిగా ఉండాలి. తడి వేలు తగిలితే కాగితం ఉబ్బుతుంది, అట్ట మీద గుడ్డకి మరక పడుతుంది. అందుకే నా భుజం మీద ఎప్పుడూ ఒక తువ్వాలు ఉంటుంది. దేన్ని ముట్టుకోవాలన్నా ముందు చెయ్యి తుడుచుకుంటాను.

ఆ కుడిచేతి ఉంగరపు వేలిని పదిహేనేళ్ళ కిందట కాగితాలు కోసే మిషను మొదలంటా తీసుకుపోయింది. తర్వాత నాలుగు నెలలు నేను గడప దాటలేదు. చేతిని జేబులోంచి బయటికి తీయలేదు. ఈ చెయ్యి ఇంక దేనికీ పనికిరాదని అక్కతో అన్నాను. ఒక ఆదివారం పొద్దున బావ వచ్చి, నా చెప్పులు తెచ్చి నా ముందు పెట్టాడు. చెరువుకి తీసుకెళ్ళి చేతికి గాలం ఇచ్చాడు. పడిన మొదటి చేపని ఏం చేయాలో నాకు తెలియలేదు. తువ్వాలుతో చెయ్యి బాగా తుడుచుకుని, దాన్ని మెల్లగా పట్టుకుని, నోట్లోంచి గాలం ముల్లు తీసి నీళ్ళలో వదిలాను. తోక విదిల్చి లోతుకి పోయింది. అప్పటినుంచి ఒక్క చేపనీ ఇంటికి తేలేదు. అందులో నాకు కాస్త గర్వం కూడా ఉండేది. కాస్త ఏమిటిలెండి, చాలానే.

బావ వాదన ఎప్పుడూ ఒకటే. చెరువులో చేపలు ఎక్కువైపోయాయి, వాటికి తిండి చాలక తలలు పెద్దవై ఒళ్ళు సన్నగా తయారవుతున్నాయి అంటాడు. పెద్ద ఆడచేపల్ని ముట్టుకోకూడదు, అవి గుడ్లు పెట్టాలి. మరీ పిల్లల్ని ముట్టుకోకూడదు, అవి ఎదగాలి. మధ్యరకంవి ఆదివారానికి రెండు తీసుకుంటే మిగిలినవాటికి తిండి దొరుకుతుంది. ఆయన రెండే తీసుకునేవాడు. మూడోది ఎంత బాగున్నా వదిలేసేవాడు. జనం ఎక్కువయ్యారని నీ బస్సులోంచి ఇద్దరిని రోడ్డు మీదికి తోసేస్తావా అని నేను అడిగేవాణ్ణి. తోసెయ్యనుగానీ, నలభైమంది పట్టే బస్సులో నూటయాభైమందిని ఎక్కిస్తే అందులో ఎవరూ సుఖంగా ఊరు చేరరని అనేవాడు. అక్క మా ఇద్దరికీ కలిపి చీవాట్లు పెట్టేది. ఒకాయన చంపి తెస్తాడు, ఒకడు ఏదీ చంపకుండా నా ప్రాణం తీస్తాడు అనేది.

ఈ మధ్య మా గాలాల సంఘంలో ఈ తగువు ముదిరింది. నలభైమంది సభ్యులం రెండు ముక్కలయ్యాం. వదిలేసేవాళ్ళకి నేను పెద్దని. ఒక కొత్త నియమం రాసి, నాతో కలిపి ఇరవైఆరుమంది సంతకాలు చేయించాను. ఈ చెరువులో ఏ చేప చావుకైనా కారణమైన సభ్యుడి సభ్యత్వం ఆ రోజే రద్దు. ఇదీ నియమం. మా సంఘం పెద్ద, సైన్సు చెప్పి రిటైరైన మాస్టారు. ఆయన కాగితం రెండుసార్లు చదివి, వచ్చే ఆదివారం తొమ్మిది గంటలకి ఓటింగు పెడదామన్నారు.

బావ ఆ కాగితం చదివి మడిచి నాకిచ్చేశాడు.

"రెండు చేపలు మానెయ్యమంటే మానేస్తాను. అదేం పెద్ద కష్టం కాదు. కానీ ఇన్నాళ్ళూ చేసింది నేరమని నువ్వు రాయించావు చూడు, దాని కింద తలొంచుకుని కూర్చోలేను. ఇది నెగ్గితే నేనింక చెరువుకి రాను."

రాకు, ఎవరు రమ్మన్నారు అన్నాను. బతుకు కోరేవాడు బావమరిది అంటారు. నేను కోరిన బతుకు అదీ. ఆ రాత్రి అక్క ఫోను చేసి, ఆదివారాలు ఆ గట్టు మీద ఒక్కడివే కూర్చోగలవా అని అడిగింది. బ్రహ్మాండంగా కూర్చుంటానన్నాను. ఫోను పెట్టాక ఆయన పక్కన లేని చెరువు నాకు ఊహకి అందలేదు. కానీ వెనక్కి తగ్గడమంటే నా వల్ల అయ్యే పని కాదు.

అదే ఫోనులో అక్క మాటలో మాటగా ఇంకో సంగతి చెప్పింది. కొన్నేళ్ళుగా మీ బావ ఆదివారం తెల్లవారకుండానే చెరువుకి పోతున్నాడు, నీకు చెప్పొద్దన్నాడు అంది. అంతే, నా బుర్ర పరుగెత్తింది. అందరి ముందూ రెండంటాడు, ఎవరూ లేనప్పుడు ఎన్ని తీస్తున్నాడో! ఆ ఆలోచన నాకు ఎంత హాయిగా ఉందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది. ఆయన దొంగ అని తేలితే నేను తప్పు చేసినట్టు కాదు కదా.

ఆదివారం వెలుగు రాగానే వెళ్ళాను. బావ ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, జమ్ముగడ్డి దుబ్బుల్లో నిలబడి చేతివలతో చేపల్ని తీస్తున్నాడు. గట్టు మీద మూత పెట్టిన బకెట్టు. నన్ను చూడగానే ఆయన మొహంలో రంగు మారింది. దొరికిపోయావు బావా అని బకెట్టు అందుకున్నాను. ఆయన నీళ్ళలోంచి గబగబా వచ్చి మూత మీద చెయ్యి పెట్టాడు.

"అది అక్కడ పెట్టెయ్. సాయంత్రం ఇంటికి రా, కూర్చుని చెప్తాను. ఇప్పుడు తెరవొద్దు."

ఆయన నన్ను దేనికోసమైనా బతిమాలడం అదే మొదటిసారి. నాకది ఇంకా అలుసైంది. ఆయన చెయ్యి తోసేసి, బకెట్టు మోసుకుని సంఘం రేకుల షెడ్డు దాకా నడిచాను. వెనకాలే ఆయన అడుగుల చప్పుడు వినిపిస్తూనే ఉంది. నేను తిరిగి చూడలేదు.

తొమ్మిదింటికి అందరూ బెంచీల మీద సర్దుకున్నాక లేచాను. రెండు చేపల మహానుభావుడి అసలు రంగు చూడండి అంటూ బకెట్టుని మాస్టారి ముందున్న బల్ల మీద బోర్లించాను.

తొమ్మిది చేపలు పడ్డాయి. అన్నీ చచ్చినవే, ఇవాళ చచ్చినవి కావు. ఒక్కోదాని ఒంటి మీద తెల్లగా, దూదిలా బూజు పట్టి ఉంది. నేను ఇంకా ఏదో అంటూనే ఉన్నాను. ఎవరూ వినడం లేదని కాసేపటికి తెలిసింది. అందరూ ఒకసారి చేపల్ని, ఒకసారి నా కుడిచేతిని చూస్తున్నారు. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని ఒక చేపని నా వైపు తిప్పారు.

"బాబూ, నీ చెయ్యి ఒకసారి దీని మీద పెట్టు."

పెట్టాను. బూజు సరిగ్గా నా చెయ్యంత ఉంది. ఒక పక్క బొటనవేలు, ఇంకో పక్క మూడు వేళ్ళు. మధ్యవేలికీ చిటికెన వేలికీ నడుమ ఒక వేలి మేర చేప ఒళ్ళు శుభ్రంగా మెరుస్తోంది.

మాస్టారు నెమ్మదిగా చెప్పారు. చేప ఒంటి మీద పలచగా జిగురు ఉంటుంది, అదే దానికి రక్ష. తడి చేత్తో పట్టుకుంటే ఏమీ కాదు. పొడి చేత్తో పట్టుకుంటే ఆ జిగురు చేతికి అంటుకుని ఊడొచ్చేస్తుంది. ఊడిన చోట నీళ్ళలోని బూజు పట్టి, కొన్ని రోజులకి చేప చస్తుంది. అన్నీ చావవు, కొన్ని తట్టుకుంటాయి అని కూడా అన్నారు. అది నా మీద జాలితో అన్నారో, నిజమో అడగలేదు.

వారానికి నేను వదిలే చేపలు పదిహేనుకి పైనే. పద్నాలుగేళ్ళు. నేను ఎంత శ్రద్ధగా తుడుచుకునేవాణ్ణి! బెంచీ మీద కూలబడ్డాను. బావ షెడ్డు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు, ప్యాంటు ఇంకా మడిచే ఉంది. ఎప్పటినుంచి తెలుసని అడిగాను. నాలుగేళ్ళ నుంచి అన్నాడు. ఆ ముద్ర చూస్తే తెలియకుండా ఎలా ఉంటుంది, నువ్వు చూడకూడదని పొద్దున్నే వచ్చి తీసి పాతిపెడుతున్నాను అన్నాడు.

నా కుర్చీ పక్కన ఆయన ప్రతివారం ఒక బకెట్టు నీళ్ళు తెచ్చి పెట్టడం, చెయ్యి తడుపుకోరా చల్లగా ఉంటుంది అనడం అప్పుడు గుర్తొచ్చింది. నేను ఆ నీళ్ళతో కాళ్ళు కడుక్కునేవాణ్ణి.

"ఒక్క మాట గట్టిగా చెప్పి ఉండొచ్చుగా బావా," అన్నాను.

ఆయన లోపలికి వచ్చి, చేపల్ని ఒక్కొక్కటిగా మళ్ళీ బకెట్టులో వేస్తూ చెప్పాడు.

"చెప్పాల్సిందే. చేపల విషయంలో తప్పు నాది కూడా. కానీ ఈ చెయ్యి దేనికీ పనికిరాదని నువ్వు నాలుగు నెలలు ఏడ్చావు. మొదటిరోజు చేపని వదిలినప్పుడు ఆ చేతి వంకే చూసుకుని నవ్వావు. నీకు గుర్తుందో లేదో. ఆ చేత్తోనే చంపుతున్నావురా అని చెప్పడానికి నాకు నోరు రాలేదు."

నాకు ఏడుపొచ్చింది. తుడుచుకోవడానికి తువ్వాలు తీయబోయి, దాన్ని చూసి మళ్ళీ భుజం మీదే వదిలేశాను.

ఆయన తలచుకుంటే పోయిన ఆదివారమే ఒక్క చేపని తెచ్చి బల్ల మీద పెట్టి నా నోరు మూయించి ఉండొచ్చు. తన గట్టుని, తన కుర్చీని కాపాడుకుని ఉండొచ్చు. అవన్నీ వదులుకుని వెళ్ళిపోవడానికైనా సిద్ధపడ్డాడు కానీ, నా చేతి మీద నాకున్న ఆ నమ్మకాన్ని మాత్రం ముట్టుకోలేదు.

మాస్టారు గొంతు సవరించుకుని, నియమం ఇంకా బల్ల మీదే ఉంది, కావాలంటే వెనక్కి తీసుకో అన్నారు. నేను వద్దన్నాను. ఎవరు తీసిన గోతిలో వాళ్ళే పడాలి కదా. రాసిన మాటకి నేనైనా నిలబడకపోతే ఇంకెవరు నిలబడతారు? మాస్టారు అనుకూలంగా ఉన్నవాళ్ళని చేతులెత్తమన్నారు. నేను కుడిచెయ్యి ఎత్తాను. సంతకాలు పెట్టిన మిగతా పాతికమందీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. షెడ్డు మొత్తానికి నా చెయ్యి ఒక్కటే పైన ఉంది.

బావ బకెట్టు కింద పెట్టి నా దగ్గరికి వచ్చాడు. మణికట్టు పట్టుకుని నా చేతిని కిందికి దించాడు.

"చాల్లే దించు. నువ్వు పోతే నేనెవరితో పోట్లాడాలి?"

నియమం ఓడిపోయింది. దాని బదులు మాస్టారు రెండు వాక్యాలు రాశారు. వదలదలచుకున్నవాళ్ళు చెయ్యి తడిపి వదలండి, తినదలచుకున్నవాళ్ళు మధ్యరకంవి రెండే తీసుకోండి. చేతులన్నీ లేచాయి. ఇన్నేళ్ళూ మేం అరుచుకున్నదంతా ఆ రెండు వాక్యాల్లో పట్టేసింది.

నేనూ బావా కలిసి గుంట తవ్వి తొమ్మిది చేపల్నీ పాతిపెట్టాం. తర్వాత కుర్చీలు వేసుకున్నాం. నేను గాలం వేయలేదు. ఇంక ఈ జన్మలో వేయనని మనసులో అనుకుంటున్నాను కూడా. పదకొండు దాటాక బావ గాలానికి బరువైన ఆడచేప పడింది. పొట్టనిండా గుడ్లు. తినేవాళ్ళైనా సరే, వదలాల్సిన చేప. ఆయన దాన్ని చేతివలలో నీళ్ళలోనే ఉంచి నన్ను పిలిచాడు.

"నువ్వు వదులు."

నా వల్ల కాదన్నాను. రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాను. ఆయన నా కుడిచేతిని లాక్కుని, తన చేతితో కలిపి నీళ్ళలో ముంచాడు. నేను అలాగే ఉంచాను. మణికట్టు దాకా తడిసింది, మోచేతి దాకా తడిసింది. అయినా తీయలేదు.

"చాలు. ఇంకాసేపుంచితే చెయ్యి నాని ఊడుతుంది," అన్నాడు.

దాని పొట్ట కింద చెయ్యి పెట్టి ముల్లు తీశాను. జారిపోయేంత నున్నగా ఉంది. ఇన్నేళ్ళలో చేప ఒళ్ళు అంత నున్నగా ఉంటుందని నాకు తెలియనే తెలియదు. వేళ్ళు వదులు చేయగానే లోతుకి వెళ్ళిపోయింది.

ఇంట్లోవాళ్ళకి కృతజ్ఞతలు చెప్పుకోవడం మా కుటుంబంలో ఎవరికీ అలవాటు లేదు. నేను గట్టు మీద నిలబడి, చెయ్యి తుడుచుకోకుండా, చుట్టూ ఉన్నవాళ్ళందరూ వినేలా, నీ రుణం తీర్చుకోలేను బావా అన్నాను. ఆయన తల వంచుకుని గాలానికి ఎర గుచ్చుకుంటూ కూర్చున్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.