మూడు వరుసల కాగితం

ఆదివారం చర్చి అయ్యాక వెండెల్ టీగ్ చేసే పని ఒకటే. ఇంటికొచ్చి, మంచి చొక్కా విప్పి మేకుకి తగిలించి, పొయ్యి మీదున్న చిక్కుడు గింజలూ మొక్కజొన్న రొట్టే తిని, పక్కింటి మిస్ ఓనా హఫ్‌మన్ వంటింటికి వెళ్లి కాగితాలు నింపడం. తనదొకటి, ఆవిడదొకటి.

ఓనాకి పెన్ను పట్టుకోవడం రాదని కాదు, వేళ్లు ఒప్పుకోవు. మా కుర్చీల ఫ్యాక్టరీలో ముప్పై ఒక్క ఏళ్లు స్ప్రింగులకి పురికొస లాగి లాగి ముడులేసిన చేతులవి. ఇప్పుడు పదివేళ్లూ పది దిక్కులు చూస్తాయి. వెండెల్ అదే ఫ్యాక్టరీలో కుర్చీ కాళ్లకి గరుకు కాగితం పట్టేవాడు. టీవీలో వాళ్లు ఆర్థిక మాంద్యం అన్నారు. మేము మాత్రం ఫ్యాక్టరీ మూసేశారు అన్నాం. కరొలైనా కొండల మధ్య మా ఊరికి అదొక్కటే ఆధారం మరి.

ఆ కాగితం నిరుద్యోగ భృతిది. వారానికొకటి పంపాలి. పైన ఒక ప్రశ్న: ఈ వారం పని చేశారా? చేశానంటే అక్కడితో సంతకం పెట్టి వదిలెయ్యాలి, కింద మనకేం పని లేదు. చెయ్యలేదంటే కింద మూడు వరుసలుంటాయి. ఎక్కడికి వెళ్లారు, ఎవరితో మాట్లాడారు, ఏ పని అడిగారు, ఏమన్నారు. మూడు చోట్ల అడగాల్సిందే. సోమవారం టపాలో వేస్తే గురువారానికి చెక్కు వస్తుంది.

ఓనాకి ఆ చెక్కు ఎందుకంటే, ముందు గదిలో రాస్కో ఉన్నాడు. ఆవిడ మొగుడు; మా వైపు పెళ్లైన పెద్దావిడల్ని కూడా మిస్ అనే పిలుస్తాం. రంగులు కొట్టే గదిలో ఉద్యోగం చేసి ఊపిరితిత్తులు అక్కడే వదిలేసి వచ్చాడు. పొద్దస్తమానం ప్రాణవాయువు మిషను పక్కన పెట్టుకుని, ముక్కులో గొట్టాలతో కూర్చుంటాడు. ఆ మిషను రొద వెండెల్ వాకిట్లోకి కూడా వినిపిస్తుంది. చెక్కు ఆగితే కరెంటు ఆగుతుంది, కరెంటు ఆగితే మిషను ఆగుతుంది. ఇంతకంటే విడమరచి చెప్పక్కర్లేదు.

"ఏం రాస్తున్నావురా అంతసేపు? నీ ఆత్మకథా?" అని రాస్కో అక్కణ్ణించే కేకేసేవాడు.

"నీ గురించి ఫిర్యాదు" అనేవాడు వెండెల్.

మొదట్లో వరుసలు నిండేవి. ఇనుప సామాన్ల కొట్టు, పెట్రోలు బంకు, బడి వంటశాల, రెండు చర్చిలు. అవన్నీ రెండేసి సార్లు తిరిగాడు. అంత్యక్రియలు జరిపించే వాళ్ల దగ్గరికైతే మూడు సార్లు వెళ్లాడు. "చచ్చేవాళ్లు కూడా ఖర్చు తగ్గించుకుంటున్నారయ్యా" అన్నాడు అక్కడి పెద్దాయన.

మార్చిలో తెరిపి లేకుండా వాన పడుతున్న ఒక ఆదివారం, మూడో వరుస ఖాళీగా మిగిలిపోయింది. వెండెల్ కిటికీ లోంచి వాన చూశాడు. పెన్ను నమిలాడు. ఆఖరికి "బార్లో గొడుగుల మరమ్మతు" అని రాశాడు. ఎవరితో మాట్లాడారు? యజమానితో. ఏ పని? ఏదైనా. ఏమన్నారు? తీసుకోవడం లేదు. రాసినంతసేపూ చెవులు వేడెక్కిపోయాయి. ఆ మనిషి పుట్టి బుద్ధెరిగాక రాసిన మొదటి అబద్ధం అది.

బుధవారం మెయిన్ రోడ్డు మీద, మూతపడిన చెప్పుల కొట్టుకీ బ్యాంకుకీ మధ్య, బార్లో గొడుగుల మరమ్మతు ఉంది. అద్దం మీద బంగారు రంగు అక్షరాలు, లోపల దీపం, గుమ్మం పక్కన వేలాడుతున్న నల్ల గొడుగు. వెండెల్‌కి ప్రాణం లేచొచ్చింది. హమ్మయ్య, అబద్ధం కాలేదు! లోపలికి వెళ్లి టోపీ తీసి పని అడిగాడు. బట్టతల, కళ్లజోడు ఉన్న యజమాని తలెత్తి, "ఇప్పుడు తీసుకోవడం లేదండీ" అన్నాడు.

కాఫీ హోటల్లో దాని గురించి జరిగిన చర్చ మొత్తం ఇదీ.

"గొడుగుల కొట్టొచ్చిందట."

"పనికి తీసుకుంటున్నారా?"

"లేదట."

"అయితే మనకెందుకు!"

తర్వాత తర్వాత వెండెల్‌కి చెయ్యి తిరిగింది. తాళం చెవుల కొట్టు రాశాడు, గడియారాలకి నూనె వేసే చోటు రాశాడు. ఓనా కాగితం మీద రాసినవీ లేచాయి. ఓనా మొదట ఒప్పుకోలేదు. "నా పేరు మీద లేనిపోనివి రాయకు, పైవాడికి జవాబు చెప్పుకోవాలి" అంది. అవి నిజంగానే ఉన్నాయని చూశాక, మోకాళ్లు పట్టుకుని నడిచి వెళ్లి ఒక్కో చోటా అడిగి వచ్చేది. అన్ని చోట్లా అదే బట్టతల, అదే కళ్లజోడు. వెండెల్ యజమాని అని తప్ప ఇంకేం రాయడు కదా, పాపం మొహాలెక్కణ్ణించి వస్తాయి?

ఆ కొట్లకి రెండు పద్ధతులున్నాయి. ఒక వారం కాగితంలో దాని పేరు లేకపోతే ఆ వారం దాని దీపం వెలగదు. వెండెల్‌కి జ్వరం వచ్చి రెండు కాగితాలూ పంపని వారం వీధంతా చీకటైపోయింది. రెండోది, చెయ్యి వెండెల్‌దే అయ్యుండాలి. మాతోపాటే ఫ్యాక్టరీలో పని పోయిన టామీ సిగ్మన్ సొంత దస్తూరీతో పెద్ద బీరు కొట్టు రాసుకుని, వారమంతా రోడ్డు చివర కాపలా కాశాడు. ఏమీ రాలేదు.

"ఒరే వెండెల్, చేపలు వేయించే హోటలొకటి రాసి పెట్టరా" అన్నాడు టామీ.

"రాస్తా. వడ్డించేవాడు ఉండడు మరి. తీసుకోవడం లేదని కదా రాసేది."

"తీసుకున్నారని రాసి చావు!"

"రాస్తే చెక్కు ఆగిపోతుంది. అక్కడ నిజంగా పనుంటుందని నమ్మకమేంటి? నువ్వు పోషిస్తావా నన్ను?"

అసలు ఆ కాగితంలో నికరంగా నిజమైన మాట తీసుకోవడం లేదు అన్నదొక్కటే అని వెండెల్ అభిప్రాయం.

ఓనా కోసం సరదాగా ఒకటి రాశాడు: "కుర్చీల పరీక్ష కేంద్రం". ఎవరింటికెళ్లినా ఓనా కుర్చీలో ఒక్కసారి కూర్చుని, "ఎడమవైపు వెనక స్ప్రింగు, ముడి జారింది" అని చెప్పెయ్యగలదు. ఇంతవరకూ తప్పలేదు. ఆ వరుసలో ఏ పని అన్నచోట "కూర్చుని చెప్పడం" అని రాశాడు. రాస్కో గొట్టాలు ఊడిపోయేంత నవ్వాడు.

భృతి గడువు ఇరవయ్యారు వారాలు. అది అయిపోవస్తుంటే ప్రభుత్వం పొడిగించింది. మళ్లీ అయిపోవస్తుంటే మళ్లీ పొడిగించింది. ప్రతిసారీ ఊరు ఊరంతా టీవీల ముందు కూర్చుని, రాజధానిలో కోట్లు వేసుకున్నవాళ్లు చేతులెత్తుతారో లేదో చూసేది. మూడోసారి వాళ్లొక మెలిక పెట్టారు. ఇంకా కోలుకోని ఊళ్లకే పొడిగింపు.

కోలుకున్నామో లేదో చూడ్డానికి జూన్‌లో ఇద్దరొచ్చారు. ఒకాయన, అట్ట పట్టుకుని ఒకమ్మాయి. మెయిన్ రోడ్డు ఈ చివర నుంచి ఆ చివరకి నడిచారు. వెలుగుతున్న కిటికీలు చూసుకుంటూ ఆ అమ్మాయి టిక్కులు పెట్టుకుంది. మూడు నెలల్లో ఆరు కొత్త కొట్లు! ఆయన గడియారాల కొట్టు ముందు ఆగి, "ముచ్చటగా ఉంది" అని కూడా అన్నాడట. లోపలికి వెళ్లి పనుందా అని అడిగారా అంటే, లేదు. వాళ్లకి ఉద్యోగాలున్నాయిగా.

పది రోజుల్లో అందరికీ ఉత్తరాలొచ్చాయి. మీ ఊరు కోలుకున్నందుకు సంతోషం. ఈ శనివారంతో ముగిసే వారమే ఆఖరిది.

వెండెల్ ఆ ఉత్తరం పట్టుకుని గుమ్మంలో కూలబడ్డాడు. తన చేత్తో తనే రాశాడు. ఓనా నోటి దగ్గరి కూడు, రాస్కో ముక్కు దగ్గరి గాలి తనే లాగేశాడు. పక్క వాకిట్లోంచి మిషను రొద వస్తూనే ఉంది. చెవులు మూసుకుందామనిపించింది, సిగ్గేసి మూసుకోలేదు.

ఆదివారం వంటింట్లో రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాడు. ఓనా టీ గ్లాసు జరిపింది.

"నన్ను తిట్టు మిస్ ఓనా."

"తిడితే పొడిగిస్తారా? రాయి."

"కరెంటాఫీసుకి వెళ్లావా?"

"వెళ్లాను. నెలాఖరు దాకా ఆగుతామన్నారు. ఆ తర్వాత..." మాట ఆపి ముందు గది వైపు చూసింది. "ఆయనకి చెప్పలేదు. నువ్వూ చెప్పకు."

వెండెల్ ఓనా కాగితం దగ్గరికి లాక్కున్నాడు. ఎలాగూ పోయే చెక్కే, ఇంక భయపడేదేముంది? ఒక్క వరుసే రాశాడు. కుర్చీల పరీక్ష కేంద్రం. యజమాని. కూర్చుని చెప్పడం. ఆఖరి గడిలో ఎప్పుడూ రాయని మాట రాశాడు: తీసుకున్నారు.

ఓనా కళ్లజోడు సర్దుకుని చదివింది. "ఇది అబద్ధం వెండెల్."

"మంగళవారం దాకా ఆగు. బుధవారం పొద్దున్నే మంచి గౌను వేసుకుని వెళ్లు."

"మరి నీకు? నీకూ అలాగే రాసుకో."

"ముందు నీది కానీ" అని తన కాగితం తిప్పుకుని, కుర్చీల కేంద్రం, గొడుగులు, తాళం చెవులు మూడూ రాసి, మూడింటికీ తీసుకోవడం లేదు అని పెట్టాడు.

బుధవారం ఓనా వెళ్లింది. ఆ బట్టతలాయన గడియారం చూసుకుని, "తొమ్మిదింటికల్లా రావాలమ్మా" అని ఒక చేతుల కుర్చీ ముందుకు జరిపాడు. ఆవిడ కూర్చుని, "కుడి ముందు కాలు, జిగురు వదిలేసింది" అంది. ఆయన రాసుకున్నాడు. శుక్రవారం జీతం కవరిచ్చాడు. నెలాఖరు వచ్చింది, పోయింది. మిషను ఆగలేదు.

ఇది విని ఊళ్లోవాళ్లు మిగిలిపోయిన కాగితాలు పట్టుకుని వెండెల్ ఇంటికొచ్చారు. పెట్రోలు బంకు వెనకుండే కుర్రదంపతుల్లో భార్యకి గొడుగుల కొట్లో దొరికింది. ముగ్గురు పిల్లల తండ్రి ఒకాయనకి తాళం చెవుల కొట్లో దొరికింది. టామీది నాలుగోది. వెండెల్ టామీ కాగితం మీదా ఒళ్లు దగ్గర పెట్టుకుని రాశాడు, తీసుకున్నారు అనే పెట్టాడు. బుధవారం టామీ వెళ్తే అక్కడ తాళం వేసిన పాత తలుపే ఉంది. దీపం వెలిగేది పని దొరకలేదన్న కాగితంతోనే, అది వెండెల్ ఒక్కడిదే, అందులో ఉన్నవి మూడే వరుసలు. నాలుగో కొట్టుకి దీపం ఎవరు పెడతారు? టామీ ట్రక్కు సర్దుకుని షార్లట్ నగరానికి వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు వెండెల్ వైపు చూడలేదు.

"ఇప్పుడైనా నీకు నువ్వు రాసుకో" అంది ఓనా, తర్వాతి ఆదివారం. బతిమాలినట్టే అంది.

వెండెల్ కాగితం మీది మొదటి ప్రశ్న వేలితో చూపించాడు. ఈ వారం పని చేశారా? "చేశానంటే కింద వరుసలు రాయనివ్వరు మిస్ ఓనా."

ఓనా ఆ ప్రశ్న చదివింది. మళ్లీ చదివింది. ముందు గదిలో మిషను ఆడుతోంది. ఆవిడ వంకర వేళ్లు నోటికి అడ్డం పెట్టుకుని, లేచి పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది.

అప్పట్నుంచి వెండెల్‌కి చెక్కు లేదు. ట్రక్కు అమ్మేశాడు. తర్వాత రంపాలు, తర్వాత టీవీ. ఓనా గిన్నెల్లో పంపే తిండి తీసుకుంటాడు గానీ డబ్బిస్తే గుమ్మం దాటనివ్వడు. ఖాళీ కాగితాలు గ్రంథాలయంలో నకలు తీయిస్తాడు. ఆఫీసు వాళ్లు ప్రతి వారం, మీకు అర్హత లేదు, దయచేసి పంపవద్దు అని జవాబు రాస్తారు. ఆయన పంపుతూనే ఉన్నాడు. రాసినవి అబద్ధాలు కాకూడదని ప్రతి గురువారం మూడు చోట్లకీ నడిచి వెళ్లి పని అడుగుతాడు.

కిందటి గురువారం కుర్చీల కేంద్రంలో ఓనా ఒక్కతే ఉంది. యజమాని వెనక గదిలో ఏదో సర్దుతున్నాడు. వెండెల్ లోపలికొచ్చి టోపీ తీశాడు. బాగా చిక్కిపోయాడు, చొక్కా కాలరు మెడ చుట్టూ వదులుగా ఉంది.

"పనేమైనా ఉందా అండీ?"

ఓనా కూర్చున్న కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. "వెండెల్, కాసేపు కూర్చో. కాఫీ పోస్తాను."

"ఇంకా రెండు చోట్లకి వెళ్లాలి మిస్ ఓనా. ఉందా?"

ఆవిడ వెనక గది వైపు చూసింది. ఆయన రాలేదు. ఒక్క మాట, ఉంది అంటే చాలు. ఈ మనిషి అద్దానికి ఇవతల కూర్చుంటాడు. సోమవారం కాగితం వెళ్లదు. బుధవారానికి దీపాలుండవు. పొరపాటున కూడా అబద్ధమాడని ఆవిడ, కళ్లు తుడుచుకుని తలెత్తింది.

"ఇప్పుడు తీసుకోవడం లేదు" అంది.

"సరేనండీ, థాంక్స్" అన్నాడు వెండెల్. జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పరిచి, ఎవరితో మాట్లాడారు అన్నచోట మిస్ ఓనా హఫ్‌మన్ అని పేరు రాసుకుని, టోపీ పెట్టుకుని గొడుగుల కొట్టు వైపు నడిచాడు.