దుప్పటికి రెండో కొస

ఆసుపత్రి లాండ్రీలో అందరూ ఆవిడను పెద్దక్క అనే పిలిచేవారు. వయసులో పెద్దదని కాదు, ఆవిడ నోట మాట రాలడమే తక్కువ, రాలిన ఆ ఒక్క మాటకీ అందరూ జడిసేవారు. కిటికీ పక్కనున్న పొడవాటి బల్ల ఆవిడది. ఉతికి ఆరిన దుప్పట్లన్నీ మడత కోసం అక్కడికే వచ్చేవి.

దుప్పటి మడత ఒక్క మనిషి వల్ల అయ్యేది కాదు. చెరో రెండు కొసలూ పట్టుకుని వెనక్కి జరగాలి, గట్టిగా ఒక్క విదిలింపు విదిలించాలి, కొసకు కొస కలిపి ఎదురెదురు నడవాలి. పాత జోడీతో పెద్దక్క ఈ పని ఏళ్ళ తరబడి మాటా పలుకూ లేకుండా చేసింది. గడ్డం ఎత్తితే విదిలించమని, రెప్ప వాలిస్తే ముందుకు రమ్మని. ఆ జోడీ మోకాళ్ళు అరిగి పని మానేసింది. ఆ స్థానంలోకి కొత్తావిడ దిగింది.

దిగీ దిగగానే బల్లను అటూ ఇటూ తడిమి చూసి, "మా పాత చోట బల్ల ఇంత ఎత్తుండేది కాదండీ" అంది. సాయంత్రమయ్యేసరికి కిటికీ, సబ్బు, మంచినీళ్ళ కుండీ, ఆఖరికి పెద్దక్క జడ కూడా పాత చోటికి సాటి రాలేదు. లాండ్రీ వాళ్ళు ఆవిడకు పాతచోటమ్మ అని పేరు పెట్టేశారు. తెలిసి ఆవిడ నొచ్చుకుందా? లేదు. "మా పాత చోట కూడా నాకో ముద్దుపేరుండేది" అని మురిసిపోయింది.

పోనీ, మాటలే అయితే ఈ చెవిని విని ఆ చెవిని వదిలేయవచ్చు. అసలు తంటా చేతులతో వచ్చింది. చేతులు కదపనిదే పాతచోటమ్మ నోరు కదలదు. పొడుగు అంటే చెయ్యి పైకి, లావు అంటే రెండు చేతులూ పక్కకు. మరి చేతిలోని కొస ఏం కావాలి? నేల మీద పడుతుంది. నేల తాకిన దుప్పటి రోగి మంచం ఎక్కడానికి వీల్లేదు. మళ్ళీ ఉతుక్కి పోవాల్సిందే.

"కొస వదలకమ్మా."

"వదల్లేదండీ పెద్దక్కా. మా పాత చోట మా అత్తంత మెషినుండేదండీ, ఇదిగో, ఇంత..."

దుప్పటి నేల మీద.

"ఇంత అని చూపించకపోతే నాకు తెలీదా?"

"చూపించకపోతే ఎంతో ఎలా తెలుస్తుందండీ?"

పెద్దక్క పళ్ళు నూరుకుని దుప్పటిని మాసిన బట్టల గుట్టలోకి విసిరింది.

అలా గుట్ట పెరిగేది, బల్ల మీద దొంతర తరిగేది, వార్డులకు వెళ్ళాల్సిన బండి నిలబడిపోయేది. బండి తోసే అతను ఆడవాళ్ళందరినీ వదినా అనే పిలుస్తాడు. "వదినా, నర్సమ్మలు నన్ను పచ్చిగా నమిలేస్తున్నారు. నాకేమైనా అయితే నన్ను పడుకోబెట్టే మంచం మీదికైనా ఒక దుప్పటి పంపండి" అని వాపోయాడు.

ఆ గోల సూపర్‌వైజర్ చెవిన పడింది. నడుముకు తాళాల గుత్తి వేలాడేసుకుని వచ్చి బల్ల ముందు నిలబడ్డాడు.

"పెద్దక్కా, శనివారం దాకా చూస్తాను. ఆ రోజు కూడా బండి ఆలస్యమైతే నువ్వు ఇస్త్రీ చేసే ఆవిరి గదికి వెళ్ళు. ఇక్కడ ఆవిడకు వేరే జోడీని పెడతా."

"చేసేది ఆవిడ, ఉడికేది నేనా?"

"ఆవిడకు ఇస్త్రీ మెషిను రాదు. నీకొచ్చు. నన్నేం చేయమంటావు?"

పని రావడం కూడా నేరమే కాబోలని పెద్దక్కకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మంట కింద భయమూ ఉంది. వెనకటికి ఆవిరి గదిలో పని చేసినప్పుడే ఆవిడకు ఆయాసం పట్టుకుంది. నాలుగు అడుగులు వేస్తే ఛాతీలో ఈల మోగేది. డాక్టరమ్మ గట్టిగా చెబితేనే ఈ కిటికీ పక్కకు మార్చారు. ఇక్కడి గాలి తగిలాకే రాత్రుళ్ళు పడుకుని నిద్రపోవడం మొదలైంది, అంతవరకూ కూర్చునే నిద్ర. మళ్ళీ ఆ గదికి పొమ్మంటే మనిషిని బతికుండగానే మూట కట్టడమే.

మర్నాడు పెద్దక్క మంచిగా చెప్పి చూసింది. "మడత పెట్టేంతసేపూ నోరు మూసుకో తల్లీ. తర్వాత నీ ఇష్టం."

పాతచోటమ్మ సరేనంది. రెండు దుప్పట్లు నోరు మూసుకునే మడిచింది. మూడోదాని దగ్గర, "చూశారా, మాట్లాడకుండా ఎలా ఉన్నానో!" అని రెండు చేతులతో తన నోరు చూపించింది. దుప్పటి నేల మీద.

"ఏం చేతులే నీవి! ఎక్కడ నేర్చావే ఈ విద్య?" పెద్దక్క గొంతు చించుకుంది.

"మా పాత చోటేనండీ. మెషిన్ల రొదలో చెవి దగ్గర అరిచినా వినపడేది కాదు. పుట్టినా పోయినా చేతులతోనే చెప్పుకునేవాళ్ళం. ఆ చోటు మూసేశాక ఈ చెవులకు ఇంత నిశ్శబ్దం కొత్తండీ. మాట్లాడకపోతే భయమేస్తుంది."

పెద్దక్కకు లోపలెక్కడో పాపం అనిపించింది. కానీ పాపం అనుకుంటే దుప్పటికి మట్టి వదలదు కదా. శుక్రవారం కూడా బండి ఆలస్యంగానే కదిలింది. బండి అతను, "వదినా, రేపటి సంగతి ఆలోచించావా?" అన్నాడు. పెద్దక్క చేతిలో దుప్పటి కొసలతోనే అతని మీద విరుచుకుపడింది.

"ఆలోచించేందుకు బుర్రలో చోటేదయ్యా? ఈవిడ మాటలే నిండిపోయాయి. ఈవిడకంటే మా చిన్నత్త మొగుడే నయం. తలుపుతో మాట్లాడేవాడు!"

"తలుపుతోనా?" అంది పాతచోటమ్మ.

పెద్దక్క అటు తిరిగింది. పాతచోటమ్మ నోరు తెరుచుకుని ఉంది, కళ్ళు గుడ్లగూబ కళ్ళలా ఉన్నాయి. కొసలు మాత్రం రెండూ పిడికిళ్ళలో భద్రంగా ఉన్నాయి.

ఆ క్షణాన పెద్దక్కకు సంగతి అర్థమైంది. ఈవిడ చేతులు కదలకుండా ఉండాలంటే ఈవిడ వినాలి. ఈవిడ వినాలంటే తను మాట్లాడాలి. పుట్టి బుద్ధెరిగాక ఎవరితోనూ వరుసగా పది ముక్కలు మాట్లాడని మనిషి, రోజంతా!

శనివారం పొద్దున్నే సూపర్‌వైజర్ వచ్చి గోడకు చేరబడి నిలుచున్నాడు. పెద్దక్క గొంతు సవరించుకుంది.

"మా చిన్నత్తా, మామయ్యా ఏదో మాటకు మాట అనుకుని పలకరింపులు మానేశారు. ఒకే ఇంట్లో ఉంటూనే. ముందుకు రా. ఆకలేస్తే మామయ్య, 'ఓ తలుపూ, పొయ్యి మీద ఏముందో కనుక్కో' అనేవాడు."

"మరి అత్తయ్య?"

"కొస కలుపు, చెప్తా. 'తలుపూ, చేతులు కడుక్కుని రమ్మను' అనేది. పిల్లలు పాఠాలడిగినా తలుపే, చుట్టాలొచ్చినా తలుపే. విదిలించు. ఒకరోజు ఆ తలుపు కింద చెద పట్టింది. వడ్రంగి వచ్చి ఊడబీక్కుని పోయాడు."

"అయ్యో! ఇక ఎవరితో మాట్లాడుకున్నారండీ?"

పెద్దక్క కళ్ళతో తర్వాతి దుప్పటి చూపించింది. పాతచోటమ్మ లటుక్కున కొసలు అందుకుంది. దొంతర పెరుగుతోంది. సూపర్‌వైజర్ గోడను వదిలి ఒక అడుగు ముందుకు వచ్చాడు.

"మామయ్య పని నుంచి వచ్చాడు. గుమ్మం బోసిగా ఉంది. అటు చూశాడు, ఇటు చూశాడు. లోపల మా అత్త కూరలు తరుగుతోంది. ఇక పట్టలేక, 'తలుపేదే?' అని అరిచాడు. 'చెద తినేసింది, నీ నోటికేమైంది ఇన్నాళ్ళూ?' అంది మా అత్త. అంతే, కలిసిపోయారు."

పాతచోటమ్మ నవ్వు ఆపుకోలేక దుప్పటిని పొట్టకు అదుముకుంది. నలిగితే నలిగింది, నేల తాకలేదు. ఆ కథ వెనకే మేనమామ రెండో పెళ్ళిచూపులు, తోడికోడలు దాచుకున్న గాజులు, ఎవరికీ చెప్పనని ఒట్టు వేసుకున్న సంగతులు కూడా బయటికి వచ్చేశాయి. గొంతు ఎండిపోయి, నాలుక అంగిటికి అంటుకుపోయి, పెద్దక్క తన మాటలు తనే వినలేక విసిగిపోయింది. బండి మాత్రం వేళకు కదిలింది.

"ఓ వదినా, నర్సమ్మలకు నమలడానికి ఇక నేను అక్కర్లేదన్నమాట!" అని బండి అతను గంతులేస్తూ తోసుకుపోయాడు.

సూపర్‌వైజర్ మెచ్చుకోలుగా తల ఊపాడు. "ఆవిరి గది మాట మర్చిపో పెద్దక్కా. ఇంత చక్కగా కలిసిపోయారు, ఇక మీ ఇద్దరినీ ఎప్పటికీ విడదీయను. అవునూ, తోడికోడలి గాజులు దొరికాయా?"

పెద్దక్క కిటికీ వైపు తిరిగింది. కిటికీలోంచి గాలి చల్లగా తగిలింది. గుండెల నిండా పీల్చుకుంది. కోరుకున్న చోటు దక్కించుకుంది కదా, ఇక ఎవరిని తిట్టుకోవాలో తెలియలేదు.

ఆ సాయంత్రం ఇంటికి రాగానే, చెప్పులైనా విప్పకుండా, బొంగురు గొంతుతోనే వాళ్ళ అక్కకు ఫోన్ చేసింది.

"ఏమే, ఏమైందే? నువ్వు ఫోన్ చేయడమేంటి? ఎవరికైనా బాగోలేదా?" అని అక్క కంగారుపడింది.

"అందరూ బాగానే ఉన్నారు. మన వాళ్ళలో ఎవరు ఎవరితో పోట్లాడారో, ఎందుకో, అన్నీ చెప్పు."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. నా దగ్గరున్నవి అయిపోయాయి, సోమవారం పనికి వెళ్ళాలి."