గార్డు మువ్వ

నేను ఒక కంచు మువ్వను. రేగుపండు కన్నా కాస్త పెద్దగా ఉంటాను. కడుపులో ఒక ఇనుప గుండు, కింద చిన్న చీలిక, నెత్తిన తాడు దూర్చే కొంకి. అంతకు మించి నాకు ఆస్తిపాస్తులు లేవు. నన్ను చూసి ఎవరూ మురిసిపోరు లెండి. వినిపించడానికే పుట్టాను.

శ్రీకాకుళం వైపు ఒక పల్లెలో, కంచరి ఇంట పుట్టాను. ముందు మైనంతో నా ఆకారం చేశారు. దాని మీద బంకమట్టి మెత్తి కాలిస్తే మైనం కరిగిపోయింది. ఆ ఖాళీలో ఎవరెవరి ఇళ్ళలోనో పగిలిపోయిన గిన్నెలూ చెంబులూ కరిగించి పోశారు. నా ఒంట్లో ఏ తల్లి అన్నం వార్చిన గిన్నె ఉందో నాకే తెలియదు. ముసలి కంచరి నన్ను చెవి దగ్గర ఊపి, "పలుకుంది" అన్నాడు. ఆ ఒక్క మాటతో నా చదువు పూర్తయింది.

మొదట ఒక రైతు గిత్తల మెడపట్టెడలో పద్దెనిమిది మందిమి ఉండేవాళ్ళం. ఊళ్ళోకి ట్రాక్టరు వచ్చింది, గిత్తలు సంతకు పోయాయి, పట్టెడ అటక మీద చివికిపోయింది. ఆ ఇంటి ఆడపిల్ల బంగారమ్మ నన్నొక్కదాన్నీ తెంపి, చీపురుపల్లిలో రైలు పట్టాల పక్కనున్న అత్తవారింటికి తెచ్చుకుంది. అక్కడ ఆమెకొక పిల్లి ఉండేది. పిల్లి మెడలో గంట ఎవరు కడతారని లోకమంతా తల పట్టుకుంటుంది కదా, బంగారమ్మ కట్టేసింది. ఏం ప్రయోజనం? ఆ మహాతల్లి వారం తిరక్కుండా మెడ కదపకుండా నడవడం నేర్చుకుంది. నా కళ్ళెదుటే ఎండబెట్టిన నెత్తళ్ళ చేపలు మాయమవుతుంటే నేను నోరెత్తలేకపోయాను. బంగారమ్మకు కోపం రావాలా? రాలేదు. "మా పిల్ల తెలివి సూసినారేటమ్మా!" అని వీధంతా తిరిగి చెప్పుకుంది. సొంత కొడుకు అడక్కుండా బెల్లం ముక్క తింటే వీపు చీరేసే మనిషి! పెంపుడు జంతువు చేసే దొంగతనం మనుషులకు ఘనకార్యంలా కనిపిస్తుందని అప్పుడే తెలుసుకున్నాను.

పక్కింట్లో దాలినాయుడు ఉండేవాడు. రైల్వేలో గ్యాంగుమేను. రోజూ భుజాన సుత్తి వేసుకుని పట్టాల వెంట మైళ్ళకు మైళ్ళు నడిచి, సడలిన చోట బిగించి వచ్చేవాడు. ఒక వానాకాలం, పట్టాల కింద తూములో ఏడుస్తున్న కుక్కపిల్లను క్యారేజీ సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాడు. భార్య చిన్నమ్మడు గుమ్మంలోనే ఆపేసింది.

"ఏటి మావా ఇది? దేవుడు పిల్లల్ని ఇవ్వలేదని కుక్కపిల్లల్ని తెస్తావేటి? నాను సాకలేను, ముందే సెప్తన్నాను."

"నువ్వు సాకొద్దులే. ఆడే నిన్ను సాకుతాడు" అని అతను నవ్వాడు.

బంగారమ్మ గోడ మీంచి నన్ను అందించింది. "పిల్లికి పనికిరాలేదు. నీ కుక్కకైనా కట్టు నాయుడూ." అలా నేను ఆ కుక్క మెడకెక్కాను.

దానికి గార్డు అని పేరు పెట్టింది దాలినాయుడే. ఎంత ముద్దు చేసినా, ఎంత పిలిచినా, ఆ కుక్క మనిషి కన్నా ముందు ఒక్క అడుగు వేసేది కాదు. రైలుకు చివరి పెట్టెలో గార్డు ఉన్నట్టు ఎప్పుడూ వెనకాలే. ఇంకో చిత్రమైన అలవాటు కూడా ఉండేది. ఇంటికి ఎవరొచ్చినా వాళ్ళ ఎడమ చెప్పు ఎత్తుకుపోయి మంచం కింద పెట్టుకునేవాడు. కొరకడు, చింపడు, దాని మీద గడ్డం ఆనించి పడుకుంటాడంతే. వచ్చినవాళ్ళు వెళ్ళిపోవడం వాడికి ఇష్టం లేదు. "గార్డు జెండా ఊపితేగానీ బండి కదల్దు మరి, కూకోండి" అని దాలినాయుడు చుట్టాలకు ఇంకో గ్లాసు టీ పోయించేవాడు.

చిన్నమ్మడు మాత్రం వాణ్ణి ఏనాడూ పేరు పెట్టి పిలవలేదు. కాళ్ళకు అడ్డం వస్తే "పో." వాకిట్లో పడుకుంటే "పో అవతలికి." నిజం చెప్పొద్దూ, మొగుడు డ్యూటీకి వెళ్ళాక చేప తలకాయ ముల్లు తీసి, అన్నంలో కలిపి, పెరటి గుమ్మం దగ్గర పెట్టేది. పెట్టేటప్పుడు కూడా ఆమె నోట వచ్చేది ఆ మాటే. వాడు ఆమె వెళ్ళేదాకా దూరంగా నిలబడి, తర్వాత వచ్చి తినేవాడు. ఆ తల్లి మనసు గిన్నెలో ఉండేది, వాడికి వినిపించేది గొంతు.

పదేళ్ళు గడిచాయి. దాలినాయుడు రిటైరయ్యాడు. ఒకరోజు పశువుల ఆసుపత్రిలో కుక్కలకూ పిల్లులకూ ఉచితంగా టీకాలు వేస్తున్నారంటే గార్డును తీసుకుని వెళ్ళాడు. ఆ వరండాలో విన్నన్ని గొప్పలు నేను పెళ్ళి చూపుల్లో కూడా వినలేదు. ఒక మేస్టారు తన తెల్ల బొచ్చుకుక్క శనివారం నీచు ముట్టదని చెప్పాడు. శనివారం ఆ ఇంట్లో నీచు వండరన్న సంగతి చెప్పలేదు. ఇంకొకావిడ తన కుక్క టీవీ సీరియల్లో అత్తగారు కనిపిస్తే చాలు మొరుగుతుందని మురిసిపోయింది. బంగారమ్మ తన పాత పిల్లి మనవరాలిని సంచిలో తెచ్చింది. "ఇది పాలు మూతి ఎట్టి తాగదమ్మా. కాలు ముంచి నాక్కుంటాది, రాణీగారు!" అంది. దాలినాయుడు చెప్పుల సంగతి చెబితే అందరూ నవ్వుతూనే తమ కాళ్ళ వైపు ఒకసారి చూసుకున్నారు.

డాక్టరమ్మ కూడా నవ్వుతూనే గార్డు కళ్ళలోకి టార్చి వేసింది. వేసి నవ్వు ఆపేసింది.

"చూపు పోయి ఎన్నాళ్ళయింది?"

"సూపా? ఇప్పుడే కదమ్మా, నా ఎనకాలే రోడ్డు దాటి వొచ్చినాడు!"

"మీ అడుగుల చప్పుడు విని వచ్చాడండీ. రెండు కళ్ళూ పోయి చాలా కాలమైంది. ఇక చూపు తిరిగి రాదు. ఇంట్లో సామాన్లు అటూ ఇటూ జరపకండి, అలవాటు మీద తిరుగుతాడు."

 నాకు సిగ్గేసింది. రాత్రీ పగలూ ఆ మెడనే అంటిపెట్టుకున్నదాన్ని, నేనూ కనిపెట్టలేకపోయాను. వెనక నడిచేవాణ్ణి వెనక్కి తిరిగి చూసేవాళ్ళెవరు?

నాలుగు రోజుల తర్వాత దాలినాయుడు ఏమరుపాటున మెత్తటి కొత్త రబ్బరు చెప్పులు వేసుకుని బజారుకు బయల్దేరాడు. అడుగు వినపడక గార్డు దారి తప్పాడు. వాడికి తెలిసిన ఇంకో చప్పుడు రైలు పట్టాలదే. నేరుగా అక్కడికి పోయాడు. బంగారమ్మ కొడుకు చూసి లాక్కొచ్చాడు కాబట్టి సరిపోయింది. ఆ మధ్యాహ్నం దాలినాయుడు అరుగు మీద కూర్చుని నన్ను గార్డు మెడ నుంచి విప్పాడు. నల్లతాడు ఎక్కించి తన ఎడమకాలికి కట్టుకున్నాడు.

"ఇన్నాళ్లూ నువ్వెక్కడున్నావో నాకు సెప్పింది. ఇకమీదట నానెక్కడున్నానో నీకు సెప్తాది" అన్నాడు వాడి తల నిమురుతూ.

ఇక చూడండి, వీధి వీధంతా నవ్వు. "ఈ వయసులో గజ్జె కట్టినావేటి నాయుడూ, ఏ ఊర్లో మేళం?" అని టీకొట్టు దగ్గర ఆటపట్టించారు. దాలినాయుడు పట్టించుకోలేదు. చిన్నమ్మడే సిగ్గుతో చచ్చిపోయింది.

"మగోడి కాలికి మువ్వేటి మావా? తల తీసేసినట్టుంది నాకు. నలుగురిలోకి ఎలగెల్లాలి?"

"ఆడు పట్టాల మీద పడిపోతే అప్పుడెలగెల్తావు?"

ఆమె విసురుగా పెరట్లోకి పోయింది.

రెండేళ్ళు ఆ ముసలి కాలి మీద మోగాను. అతను నడిస్తే నేను, నా వెనక గార్డు. నా బతుకులో నేను నిజంగా ఒకరికి అక్కరకొచ్చిన రోజులు అవే.

ఒక ఉదయం దాలినాయుడు గుండె పట్టుకుని కూలబడ్డాడు. బంగారమ్మ కొడుకు ఆటో తెచ్చాడు. చెప్పులేయబోతే ఎడమ చెప్పు లేదు. వెతికే తీరిక లేదు. ఒట్టికాళ్ళతోనే ఎక్కించారు. ఆసుపత్రిలో నర్సు తాడు కత్తిరించి నన్నూ అతని చేతిగడియారాన్నీ ఒక కాగితం పొట్లంలో చుట్టింది. సాయంత్రానికి ఆ పొట్లం ఇంటికి వచ్చింది. అతనూ వచ్చాడు, కానీ నడిచి రాలేదు. గార్డు జెండా ఊపకుండా ఆ గడప దాటిపోయిన మొదటి మనిషి అతనే.

నన్ను పొట్లంతోనే, పెరటి గుమ్మానికి ఎదురుగా ఉన్న గోడ గూట్లో పెట్టారు. కాగితం చిరుగులోంచే ఆ పది రోజులూ చూశాను, విన్నాను. ఇంటినిండా జనం, గుమ్మం నిండా చెప్పులు. గార్డు ఒక్కదాన్నీ ముట్టలేదు. తన దగ్గరున్న దాలినాయుడి ఎడమ చెప్పు మీద గడ్డం ఆనించి మంచం కింద పడి ఉన్నాడు. తిండి కూడా సరిగా తినలేదు.

పదో రోజు ఆడవాళ్ళు చిన్నమ్మడి గాజులు తీశారు, మట్టెలు తీశారు. దాలినాయుడి అక్క సన్యాసమ్మ అన్నీ దగ్గరుండి జరిపించింది. మంచి మనిషే, కానీ ఆచారం దగ్గర రాయి. తమ్ముడి బట్టలూ చెప్పులూ ఎవరికైనా ఇచ్చేయాలంది. ఒక చెప్పే దొరికింది. చిన్నమ్మడు వంగి మంచం కిందికి చూసింది. 

"ఒంటి సెప్పు ఎవులికి పనికొస్తాది వొదినా? ఉండనీ" అంది.

వచ్చిపోయే వాళ్ళెవరో పెరటి తలుపు తీసి వదిలేశారు. ఎవరూ చూడలేదు. చిన్నమ్మడే మొదట గమనించింది, మంచం కింద చెప్పు మాత్రం ఉంది, కుక్క లేదు. పెరటి గుమ్మంలోంచి చూస్తే, అల్లంత దూరాన, రెండు పట్టాల మధ్య, తల వంచి కంకర వాసన చూసుకుంటూ పోతున్నాడు గార్డు. ముప్పై ఏళ్ళు తన మనిషి నడిచిన దారి అది. గరివిడి వైపు నుంచి గూడ్సు కూత వినిపించింది.

"గార్డూ!"

పన్నెండేళ్ళలో ఆమె నోట ఆ పేరు నేను వినడం అదే మొదలు. వాడికీ అదే మొదలు. పేరు వాడికి అందలేదు, గొంతు అందింది. తోక కాళ్ళ మధ్య పెట్టుకుని ఇంకో నాలుగడుగులు అవతలికి వేశాడు. మళ్ళీ పిలిచింది. మళ్ళీ అంత దూరం జరిగాడు. ఆ గొంతు పన్నెండేళ్ళూ వాడికి చెప్పింది అదే కదా.

"ఓలమ్మో, నాను పిలస్తంటే పోతన్నాడే! నా నోరు పడిపోనూ!" అని చిన్నమ్మడు నెత్తి కొట్టుకుంది. ఆ ఏడుపు పదిరోజుల ఏడుపు కన్నా వేరుగా ఉంది. మరుక్షణం లోపలికి పరుగెత్తుకొచ్చి, పొట్లం చింపి నన్ను తీసింది. చీర అంచు పర్రున చించి కాలికి కట్టుకోబోయింది.

సన్యాసమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఒలే, మతి పోనాదేటే? మట్టెలు తీసి గంట కాలేదు, కాలికి మువ్వ కడతావా? నువ్వు గడప దాటకూడదే! సూసినోలు ఉమ్మేస్తారే!"

"ఉమ్మనీ వొదినా."

అంతే అంది. నన్ను రెండు ముళ్ళు వేసి బిగించి, ఆడపడుచును తప్పించుకుని గడప దాటింది.

పట్టాల పక్కకు వెళ్ళి ఆగింది. నోరు జారి ఏ మాట వస్తుందోనని కొంగు నోట్లో కుక్కుకుంది. కాలు ఎత్తి గట్టిగా నేల మీద కొట్టింది. నేను మోగాను. ఒంట్లో ఉన్న కంచంతా పెట్టి మోగాను. గార్డు చెవులు నిక్కాయి. ఆమె వాడి దగ్గరకు వెళ్ళలేదు. వెనక్కి తిరిగి, మొగుడు నడిచినట్టే నిదానంగా ఇంటివైపు నడిచింది. వెనక్కి చూడలేదు. 

ఇంతలో గూడ్సు వచ్చేసింది. భూమి అదిరింది. నా చప్పుడు నాకే వినపడలేదు. చిన్నమ్మడు కళ్ళు మూసుకుని ఉన్నచోటే నిలబడిపోయింది. ఒక్కో పెట్టే పోతోంది, పోతోంది, ఎంతకీ తరగదు. చివరి పెట్టె దాటి చప్పుడు సన్నగిల్లాక, ఆమె కాలు కొంచెం కదిపింది. నేను చిన్నగా పలికాను. మడమకు తడిగా ఒక ముక్కు తగిలింది.

చిన్నమ్మడు కొంగు నోట్లోంచి తీసింది.

"రా" అంది.

ఆ తర్వాత గార్డు ఏడాదికి పైగానే బతికాడు. వీధిలో మళ్ళీ కొందరు నవ్వారు, కొందరు మొహం తిప్పుకున్నారు. సన్యాసమ్మ ఆరునెలలు ఆ ఇంటి గడప తొక్కలేదు. తర్వాత ఒకనాడు తనే వచ్చింది. వెళ్ళేటప్పుడు ఎడమ చెప్పు కనపడక, అరుగు మీద కూలబడి, తమ్ముణ్ణి తలుచుకుని భోరుమంది. ఆ రాత్రికి ఉండిపోయింది.

గార్డు ఒక మాఘమాసపు ఉదయం నిద్రలోనే పోయాడు. పెరట్లో మునగచెట్టు కింద గొయ్యి తీయించారు. చిన్నమ్మడు దాలినాయుడి ఎడమ చెప్పు తెచ్చి వాడి గడ్డం కింద పెట్టింది. నన్నూ కాలినుంచి విప్పింది. గొయ్యి మీద చెయ్యి చాపి, నన్ను వదలకుండా అలా పట్టుకుని ఉండిపోయింది. మట్టి వాసన నా దాకా వచ్చింది.

"సెప్పు నువ్వు అట్టుకెల్లు. మావకియ్యి" అంది చివరికి. "మువ్వ నాకుండనీ."

ఇప్పుడు నన్ను విని వెనకాల వచ్చేవాళ్ళు లేరు. నా గుండు అరిగిపోయింది, పలుకు బొంగురుపోయింది. అయినా ఆ రోజు మళ్ళీ కాలికి కట్టుకున్నాక ఆమె నన్ను విప్పలేదు. సాయంత్రం బజారునుంచి వచ్చి పెరటి తలుపు వేసే ముందు, తలుపు పట్టుకుని, ఒక పక్కకు ఒదిగి కాసేపు నిలబడుతుంది. వెనకాల వచ్చేవాడికి దారి వదిలినట్టు. ఒకసారి కాలు కదుపుతుంది. నేను మోగుతాను. అప్పుడు తలుపు వేస్తుంది.