ఒకే టవరు, రెండు జట్లు

ఖర్చు తగ్గించాలంటూ మా మేస్త్రీని కాంట్రాక్టరు ఫోను టవరు కిందే పనిలోంచి తీసేశాడు. ఇరవై ఏళ్లుగా టవర్లెక్కుతున్న మనిషి నడుముకున్న బెల్టు విప్పించుకుని, "ఇంటికెళ్లు" అన్నాడు. మేమంతా చూస్తూ నిలబడ్డాం.

ఇన్నాళ్లూ రెండు ఫోను కంపెనీలకు చెరో టవరు, చెరో జట్టు. ఇకమీదట ఒకే టవరు పంచుకుంటామన్నాయి. ప్రభుత్వ నియంత్రణ సంస్థ అనుమతిచ్చింది. ఖర్చు తగ్గితే జనానికి ఫోను చవకవుతుందన్నారు. ఆ తగ్గే ఖర్చు మేమేనని ఎవరూ చెప్పలేదు.

"ఒక జట్టే ఉంటుంది. రెండో కంపెనీ యాంటెన్నాలు ఎవరు ముందు బిగిస్తే వాళ్లదే పని," అన్నాడు కాంట్రాక్టరు.

అవతలి జట్టులో నా తోడల్లుడున్నాడు. కార్మికులారా, చదువుకునే పిల్లలారా, దాచకుండా చెబుతున్నాను: వాణ్ణి చూస్తే నాకు కడుపుమంట. వాళ్ల జట్టుకు కొత్త బెల్టులు, మాకు పాతవి. "మా మరిదిని చూసి నేర్చుకో" అని మా ఆవిడ రోజూ దెప్పేది.

మేస్త్రీని తీసేసిన ఆ ఉదయమే రెండు జట్లూ టవరెక్కాం. వాడు నాకు పైన ఉన్నాడు. రెండో కంపెనీ యాంటెన్నాల బరువుకు వాడి కాలికింద తుప్పుపట్టిన కమ్మీ వంగుతోంది. చూశాను. చూసి ఊరుకున్నాను. వాడు పడితే పని మాదే అనిపించింది. ఎంతసేపు? రెండు బోల్టులు బిగించేంతసేపు.

కమ్మీ కిర్రుమంది.

"తమ్ముడూ, దిగు! ఎడమకాలు పెట్టకు!" అని అరిచాను.

కిందికొచ్చాక వాడు నా ముఖంలోకి చూశాడు. "ముందే చూశావు కదన్నా?"

"చూశాను. నువ్వంటే కుళ్లు."

వాడు బెల్టు వదులు చేసుకున్నాడు. "నాకూ నువ్వంటే కుళ్లే. నీకు పని నేర్పిన మేస్త్రీ ఉన్నాడు. మాకెవడున్నాడు?"

గేటు దగ్గరే నిలబడిపోయిన మేస్త్రీ ఆ మాట విని వచ్చాడు. "మీరిలా ఒకరిమీద ఒకరు ఏడుస్తున్నంతకాలం ఆ కాంట్రాక్టరుకి ఎదురుండదురా. బరువు పెంచేముందు టవరు బలం పరీక్షించాలని టవరు పంచుకోడానికిచ్చిన అనుమతిలోనే రాసుంది. పరీక్ష కాగితం అడగండి."

రెండు జట్లూ కాంట్రాక్టరు చుట్టూ మూగాయి.

"కాగితమేది?"

"మీకెందుకు? ఎక్కుతారా, వేరేవాళ్లని పిలవనా?"

"పిలువు. వాళ్లకీ కమ్మీ చూపిస్తాం," అన్నాడు తోడల్లుడు.

మేస్త్రీని మధ్యలో కూర్చోబెట్టుకుని, టవరు చుట్టూ చేతులు పట్టుకుని కూర్చున్నాం. కాంట్రాక్టరు పిలిపించిన పోలీసులు ఒక్కొక్కరినీ ఈడ్చి వ్యానెక్కించారు. స్టేషన్‌లో పేర్లు రాసుకునేవాడు అడిగాడు: "మీలో ఎవరు ఏ కంపెనీ?"

"టవరెక్కేవాళ్లం," అన్నాం అందరం.

మధ్యాహ్నానికి పక్క టవరు మీదివాళ్లు కూడా కిందికి దిగారని స్టేషన్‌కి కబురొచ్చింది. వాళ్లూ పరీక్ష కాగితమేదని అడుగుతున్నారట.